గొంగట్లో మోసిన కుక్క

కొత్తగా కాంపౌండర్లుగా చేరబోతున్న పిల్లలు కొందరు ఈ మధ్య మా ఇంటికి వచ్చారు. పశువుల దవాఖానలో ఇన్నేళ్ళు చేసి రిటైరయ్యారు కదా, మీకు బాగా గుర్తుండిపోయిన కేసు ఏది అని అడిగారు. ఏ గాలికుంటు ఏడాది కథో, మందకు మంద పడిపోయిన ఊరి కథో చెబుతానని వాళ్ళ ఆశ. నాకు మాత్రం ఒక కుక్క గుర్తుకొచ్చింది. ఒళ్ళో పట్టేంత చిన్న కుక్క. దానికి జబ్బు కూడా లేదు. ఆపరేషన్ చక్కగా జరిగింది, పుండు మానింది, కుక్క బతికింది. వైద్యం లెక్కన అది గెలిచిన కేసు. నా లెక్కలో మాత్రం దాన్ని ఈనాటికీ ఓడిన కేసుల వైపే ఉంచుకున్నాను. వాళ్ళకు ఆ పూట సగమే చెప్పగలిగాను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

అప్పట్లో నేను సూర్యాపేట దవాఖానలో కాంపౌండరును. పోలీసు యాక్షన్ అయిపోయిన మరుసటేడు. నేను బడి చదువు పెద్దగా చదివినవాణ్ణి కాను. కిరాణా దుకాణంలో పావు, అర, ముప్పావు ఎక్కాలు వల్లిస్తూ పెరిగాను. త్రైరాశికం ఒకరి దగ్గర అరువు తెచ్చుకున్న పుస్తకం చూసి నేర్చుకున్నాను. ఇంత బరువుకు ఇంత మందైతే అంత బరువుకు ఎంత అన్నది దవాఖానలో రోజూ పడే అవసరం కాబట్టి ఆ విద్య నాకు అన్నం పెట్టింది. ఏ విషయాన్నయినా పాళ్ళలోకి విడగొట్టి చూడడం అప్పుడే అలవాటయింది. ఇంట్లోవాళ్ళు దాన్ని రోగం అంటారు.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడింటికీ కలిపి ఒక్కడే డాక్టరు. ఆయన వరంగల్ వైపు మనిషి. చదువు, చేతి నేర్పు రెండూ ఉన్నవాడు. పై అధికారి ఎదుట మాత్రం నోరు పెగిలేది కాదు. ఏ ఊళ్ళో వారపు అంగడైతే ఆ ఊరికి బస్సెక్కి పోయేవాడు. ఆయన లేనప్పుడు దవాఖాన నాదీ, కట్లు కట్టే డ్రెస్సరుదీ.

ఈ కథంతా ఆ డ్రెస్సరుదే. చివ్వెంల దగ్గరి పల్లెలో గొర్రెలు కాచుకునే ఇంటివాడు. వయసులో నాకంటే చిన్నవాడు కావడంతో తమ్మీ అని పిలిచేవాణ్ణి. నన్ను సారూ అనేవాడు. ఎంత పొగరుబోతు కోడె అయినా అతను మెడ మీద చేయి వేస్తే నిలబడేది. గొడవల కాలంలో డాక్టర్లు ఊరు విడిచి పోతే, జీతం వస్తుందో రాదో తెలియకుండా తలుపులు తెరిచి కూర్చున్నది అతనే. అయినా అతని ఉద్యోగం టెంపరరీయే. ఇంటి దగ్గర మంద కరిగిపోయింది. రజాకార్లు కొన్ని పట్టుకుపోయారు, అడవిలో ఉన్న దళాల వాళ్ళకు కొన్ని పోయాయి, ఆ తర్వాత వచ్చిన పోలీసు క్యాంపుల వాళ్ళు మిగిలినవాటిలో బలిసినవాటిని ఏరుకున్నారు. ఆ మూడు పక్షాలకూ ఏ విషయంలోనూ పొత్తు కుదరలేదు, గొర్రె మాంసం విషయంలో తప్ప. మిగిలిన మంద మీద ఒక సంసారం నడవదు. ఉద్యోగం ఖాయమైతేనే ఇంట్లో పొయ్యి వెలుగుతుందని అతనికీ తెలుసు, నాకూ తెలుసు.

కొత్త ప్రభుత్వం టెంపరరీ వాళ్ళను ఖాయం చేస్తామంది. దానికి రెండు కావాలి. ఇలాకాలోని పెద్ద అధికారి, ఈ మనిషి మంచివాడని సంతకం చేయాలి. మా శాఖ నుంచి ఒకాయన తనిఖీకి వచ్చి, మనిషిని దవాఖానలో పని చేస్తుండగా కళ్ళతో చూడాలి. ఒకటి ఉండి ఒకటి లేకపోతే సగం ఖాయం అంటూ ఏమీ ఉండదు. గుణకారంలో ఒక వైపు సున్నా పడితే రెండో వైపు ఎంత పెద్ద అంకె ఉన్నా ఒకటే.

పెద్ద అధికారి అంటే, భూముల తగాదాలు చూడడానికి కోస్తా నుంచి కొత్తగా వచ్చినాయన. మనుషులు ఆయన్ను దొర అనేవారు. పిల్లలు లేరు. ఆయన భార్యకు ఆ కుక్కే పిల్లాడు. తెల్లగా, కొబ్బరి పీచు లాంటి బొచ్చుతో, కళ్ళు కనపడీ కనపడకుండా ఉండేది. అది బంగళా గేటు సందులోంచి దూరి బజారు కుక్కల వెంట పోవడం, కరిపించుకుని రావడం మొదలుపెట్టింది. విత్తులు తీయిస్తే ఇల్లు పట్టి ఉంటుందని ఎవరో ఆమెకు చెప్పారు. ఆమె కుక్కను ఒళ్ళో పెట్టుకుని రిక్షాలో దవాఖానకు వచ్చింది.

మా దవాఖానలో రోజూ జరిగే పనే అది, కానీ కోడెలకూ పొట్టేళ్ళకూ. కుక్కకు చేయించిన వాళ్ళు ఆ చుట్టుపక్కల ఎవరూ లేరు. మంద కాచే కుక్కకు తమ ఇళ్ళల్లో కత్తి తాకించరని డ్రెస్సరు మెల్లగా అన్నాడు. డాక్టరు నవ్వి, ఈ కుక్క కాచే మంద ఎక్కడున్నదో చూపించమన్నాడు.

గడ్డి మీద పడుకోబెట్టి పనిచేసే దవాఖానలో అంత చిన్న ప్రాణికి బల్ల కూడా లేదు. మందుల గదిలోని బెంచీ కడిగి దుప్పటి పరిచాము. క్లోరోఫాం చుక్కలు వేసే పని నాది. కోడె బరువులో ఈ కుక్క ఎన్నో వంతు అని మనసులో భాగించుకుంటుంటే డాక్టరు కనిపెట్టి, లెక్కలు పక్కన పెట్టి కుక్క కన్ను చూస్తూ వేయమన్నాడు. అలాగే వేశాను. ఆయన చేయి నిజంగా మంచిది. కుట్లు చూస్తే దర్జీ వేసినట్టున్నాయి. కుక్క లేచి తూలుతుంటే ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

కుట్లు విప్పేదాకా నడవనివ్వకూడదు, తడవనివ్వకూడదు, నాకనివ్వకూడదు. డాక్టరు చెప్పిన జాగ్రత్తలు అంతే. అంతలోనే ఆయనకు మిర్యాలగూడ అంగడికి పోయే వేళయింది. డ్రెస్సరును పిలిచి, కుక్క మానేదాకా బంగళా దగ్గరే ఉండమన్నాడు.

"ఇది మంచిగ సూసుకో. దొర సంతకం నడుచుకుంట నీ ఇంటికొస్తది" అన్నాడు.

ఇందులో నాకు ఒకటి నచ్చలేదు. సంతకం ఒక భాగమే, రెండో భాగం దవాఖానలో ఉంది, మనిషి దవాఖానలో లేకుండా పోతే ఎలా అని అడిగాను. తనిఖీకి ఇంకా చాలా వ్యవధి ఉందన్నాడు డాక్టరు. అది నిజమే. డ్రెస్సరు మాత్రం పండుగకు పిలిచినట్టు సంతోషంగా గొంగడి భుజాన వేసుకుని బంగళాకు పోయాడు.

పోగానే చేసిన మొదటి పని, సన్నటి నూలు తాడుతో కుక్క మూతికి చిన్న చిక్కం అల్లడం. నూర్పిడిలో ఎద్దులు గింజలు తినకుండా మూతికి కట్టే వల లాంటిది. తినేటప్పుడు విప్పుతాడు, మళ్ళీ కడతాడు. దాంతో పుండు నాకుతుందన్న బాధ ఉండదు. దొరసాని అది చూసి ఒప్పుకోలేదు.

"ఇదేమన్నా నూర్పిడికి వచ్చిందా, చిక్కం కట్టావు? ఎవరైనా వచ్చి చూస్తే ఏమనుకుంటారు?" అందట.

చిక్కం విప్పేశారు. ఇక నాకకుండా చూడడానికి మిగిలింది మనిషి కన్ను, మనిషి చెయ్యి.

రెండో రోజు పొద్దున్న కుట్ల చుట్టూ కొంచెం వాపు కనపడింది. ఆపరేషన్ అయిన చోట అంత వాపు మామూలే. ఆ మాట అతనికి ఎవరూ చెప్పలేదు, అడగడానికి డాక్టరు ఊళ్ళో లేడు. అతనికి తెలిసింది పొట్టేళ్ళ సంగతి. గొర్రెల కాపరులు పొట్టేలుకు విత్తు కొట్టాక దాన్ని పడుకోనివ్వరు. తాడు కట్టి పొద్దు వాలేదాకా తిప్పుతారు. నడిస్తే వాపు దిగుతుంది, పడుకుంటే గట్టిపడుతుంది. తాతల నాటి నుంచి చేస్తున్న పని, ఏనాడూ చెడనిది. కాకపోతే అది కోయకుండా నలగ్గొట్టే పద్ధతికి పనికొచ్చే ఉపాయం. ఇక్కడ కత్తి పెట్టి, కోసి, కుట్టారు. నడవకూడదని డాక్టరు చెప్పిన మాటను అతను పరుగెత్తకూడదని అర్థం చేసుకున్నాడు. కుక్క మెడకు గుడ్డ పేలిక కట్టి బంగళా ఆవరణలో మధ్యాహ్నం దాకా ప్రేమగా తిప్పాడు.

నేను మందులు దంచుతుంటే అతను వగరుస్తూ వచ్చాడు. వెంటనే పోయి చూశాను. వాపు నిమ్మకాయంత అయింది. ఒక కుట్టు లాగుకుపోయి రక్తం చెమరుస్తోంది. కుక్క వణుకుతోంది. చల్లటి తడిగుడ్డ మడిచి మెత్తగా ఒత్తిపట్టి, కదలనివ్వకుండా పడుకోబెట్టాము. కుట్టు తెగలేదు. తెగితే ఇద్దరమూ చేయగలిగింది లేదు.

దొరసాని పక్కింటికి పోయి ఉంది. ఆమె వచ్చేలోగా ఏం చెప్పాలో నేను మనసులో పేర్చుకుంటున్నాను. అదే గెంతిందని చెప్పొచ్చు, ఆవరణలోకి పిల్లి వచ్చిందని చెప్పొచ్చు. ఆమె గేటులో అడుగు పెట్టగానే డ్రెస్సరు ఎదురుపోయి చెప్పేశాడు.

"నేనే తిప్పిన అమ్మా. పొట్టేళ్ళను తిప్పినట్టు తిప్పిన. గిట్ల అయితదని ఎర్కలే."

ఆమె కేకలు వేయలేదు. కుక్కను చూసి, దీనికేమైనా అయితే ఆయనకు చెప్పక తప్పదు, తర్వాత నీ సంగతి ఆయన ఇష్టం అంది. ఆ ఇష్టం అంటే ఏమిటో అక్కడున్న అందరికీ తెలుసు. దొర అప్పుడు ఊళ్ళ మీద ఉన్నాడు.

గొంగడి ఉపాయం అప్పుడే వచ్చింది. కాపరులు దారిలో ఈనిన గొర్రె పిల్లను గొంగడి మడతలో వేసుకుని ఇంటికి మోసుకొస్తారు. కుక్కను అలాగే గొంగట్లో వేసి, రొమ్ముకు ఆనించి, అంచులు భుజం మీద ముడివేసుకున్నాడు. వీపు అతని వైపు, పొట్ట పైకి. కాళ్ళు నేలకానవు, మూతి పుండుకు అందదు. మెడ వంచబోతే గడ్డం కింద వేలు పెట్టి ఆపేవాడు. చెట్టు నీడన కూర్చున్నా, నీళ్ళు తాగినా, బజారుకు పోయినా కుక్క అతని రొమ్ము మీదే. దారిన పోయే కాపరులు ఆపి, ఏం పిల్ల పుట్టిందిరా అని అడిగి నవ్వేవారు. ఇంగ్లీషు పిల్ల పుట్టిందని అతనూ నవ్వేవాడు.

వాపు మెల్లమెల్లగా దిగింది. డాక్టరు మిర్యాలగూడ నుంచి వచ్చి, సంగతంతా విని, గొంగట్లోకి తొంగి చూసి, కానియ్యి అన్నాడు. కుట్లు విప్పిన రోజున అక్కడ గీత తప్ప ఏమీ లేదు. నా చేతి మీద చిన్నప్పుడు పడ్డ గాటు కూడా అంత శుభ్రంగా మానలేదు.

కథ ఇక్కడ అయిపోతే ఎంత బాగుండేది. కుక్క మానింది, దొరసాని సంతోషించింది, సంతకం పడాలి. కానీ ఆ చిన్న ప్రాణానికి గొంగడి అలవాటైంది. ఉన్ని వాసన, మనిషి వేడి, గుండె చప్పుడు. మెత్తటి పరుపు వేస్తే ముట్టలేదు. వేరేవాళ్ళు అన్నం పెడితే వాసన చూసి తల తిప్పుకుంది. డ్రెస్సరు దవాఖానకు బయలుదేరితే గేటు దగ్గర కూర్చుని ఏడ్చింది. దొర క్యాంపు నుంచి వచ్చి, భార్య ముఖం చూసి, కుక్కను చూసి, ఇంత శ్రద్ధగల మనిషిని తన సర్వీసులో చూడలేదన్నాడట. సంతకం సంగతి డాక్టరు గొణిగినట్టు ఎత్తితే, చేద్దాం, దానికేం తొందర, కుక్క కాస్త అలవాటు పడనీ అన్నాడట. డాక్టరు సరేనని వచ్చేశాడు.

ఎన్ని రోజులకు అలవాటు పడుతుందన్నది ఎవరూ లెక్క కట్టలేని సంగతి. ఎందుకంటే అలవాటు మానాల్సిన కుక్క ముందు, అలవాటైన మనిషినే కూర్చోబెట్టారు.

దవాఖానలో చేతులు తక్కువయ్యాయి. జిల్లా ఆఫీసు నుంచి ఎవరి సిఫారసుతోనో ఒక కొత్త మనిషి టెంపరరీగా వచ్చాడు. చెడ్డవాడు కాదు. పశువు వెనక కాళ్ళంటే భయం, అంతే. మందు పూయాలంటే ముందు నుంచి చేయి చాచేవాడు. పశువుల వాళ్ళు వచ్చి గొంగడి తమ్ముడేడి అని అడిగేవారు. బంగళాలో ఉన్నాడంటే, దొర దగ్గర నౌకరీ దొరికిందా, అదృష్టవంతుడే అనేవారు.

ఒక సాయంత్రం తనిఖీ కబురు వచ్చింది. మరునాడే, మధ్యాహ్నానికి. డాక్టరు నన్ను పిలిచి పొద్దున మొదటి బస్సుకే కోదాడ పోయి అతన్ని తీసుకురమ్మన్నాడు. అనంతగిరి వైపు భూముల తగాదా చూడడానికి దొర కోదాడలో మకాం పెట్టాడు. దొరసాని, కుక్క, కుక్కతో పాటు డ్రెస్సరు అక్కడే ఉన్నారు.

కోదాడ ముసాఫిరు బంగళా వసారాలో అతను గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. గొంగట్లో కుక్క నిద్రపోతోంది. తనిఖీ మాట చెప్పగానే అతని ముఖం వెలిగింది, వెంటనే ఆరిపోయింది. దొర అనంతగిరి పోయాడని, పొద్దు వాలితే గాని రాడని చెప్పాడు.

నేను దొరసానిని బతిమాలాను. ఆమె చెడ్డమనిషి కాదు. ఈ మాట ఇన్నేళ్ళ తర్వాత కూడా పళ్ళు కొరుక్కుంటూ రాస్తున్నాను.

"ఇప్పుడు వీడు వెళితే అది మెతుకు ముట్టదండీ. నిన్న స్నానానికి వెళితేనే గేటుదాకా వెళ్ళి ఏడ్చింది. ఒక్క పూట ఆగండి. సాయంత్రం ఆయన రాగానే నేనే దగ్గరుండి సంతకం చేయిస్తాను. నా మాట నమ్మండి" అంది.

సంతకంతో పాటు మనిషి కూడా తనిఖీ వేళకు అక్కడ ఉండాలని చెప్పాను. మా ఆయన పనిమీదే కదా ఉన్నాడు, ఆ వచ్చినాయనకు ఆ మాట చెప్పండి, ఒప్పుకోకుండా ఎలా ఉంటాడు అంది. భర్త మాటకు అడ్డు చెప్పినవాణ్ణి ఆమె ఏనాడూ చూసి ఉండదు.

తిరుగు బస్సు వేళ అవుతోంది. డ్రెస్సరును పక్కకు తీసుకుపోయి నాకు తెలిసిన పద్ధతిలో విడమరిచి చెప్పాను. ఇప్పుడు బస్సెక్కితే తనిఖీ దక్కుతుంది, సంతకం పోవచ్చు. పోతే పోయింది, రేపు కాళ్ళావేళ్ళా పడి అడగొచ్చు. ఎక్కకపోతే సంతకం వస్తుంది, తనిఖీ పోతుంది. తనిఖీకి వచ్చినవాడు వెనక్కి రాడు. రెండింట్లో మళ్ళీ అడగగలిగినదాన్నే వదులుకోవాలి. ఇందులో తిరకాసేమీ లేదు.

అతను శ్రద్ధగా విన్నాడు. కుక్క కదిలితే గొంగడి సర్దాడు.

"మీ లెక్క మంచిగనే ఉన్నది సారూ" అన్నాడు. "గా తనిఖీ సారు నన్ను ఎరుగడు. నేను ఎట్ల పోయినా ఆయనకేం లేదు. గీ అమ్మ నన్ను ఎరుగుతది. కుక్కను తిప్పి చెడగొట్టిన నాడు గూడ నన్ను ఎల్లగొట్టలే. ఎరిగినోళ్ళనే నమ్ముకుంట."

"ఎరగడం వేరు తమ్మీ, ఖాయం చేసుడు వేరు" అన్నాను.

"ఇంత చేసినంక ఇడిసిపెడతారా సారూ."

ఇక ఏం చెప్పినా వినేవాడు కాడు. బస్సు కూత వేసింది. నేనొక్కణ్ణే ఎక్కాను. దారి పొడుగునా త్రైరాశికం వేస్తూనే ఉన్నాను. ఏ వైపు నుంచి వేసినా అదే జవాబు.

తనిఖీ అధికారి మర్యాదస్తుడు. మందుల సీసాలు చూశాడు, నన్ను రెండు ప్రశ్నలు అడిగి సంతృప్తి పడ్డాడు. పాత డ్రెస్సరు ఎక్కడ అన్నాడు. డాక్టరు చెబుతాడని నేను ఆగాను. డాక్టరు తన బూట్ల వైపు చూస్తూ నిలబడ్డాడు. అప్పుడు నేనే చెప్పాను. దొర గారి కుక్కకు ఆపరేషన్ అయింది, ఈ దవాఖాన మనిషే డాక్టరు గారి ఆజ్ఞ మీద చూసుకుంటున్నాడు అన్నాను. ఆ పుండు ఇంకా మానలేదా అని అడిగాడు ఆయన. మానిందన్నాను. మానిన పుండు దగ్గర మన శాఖ మనిషికి పనేముందన్నాడు. న్యాయమైన ప్రశ్న. ఆ ప్రశ్న అడగాల్సిన వాళ్ళు అంతకుముందే అడిగి ఉంటే ఇంత రాయాల్సిన పని ఉండేది కాదు.

హాజరులో ఉన్న టెంపరరీ మనిషి ఎవరని అడిగాడు. కొత్త మనిషి ముందుకొచ్చాడు. ఒక ఎద్దు గిట్టకు కట్టు కట్టి చూపించమన్నాడు. ఎద్దు యజమాని మూపురం పట్టుకుని గట్టిగా నిలిపాడు కాబట్టి కట్టు పడింది. బాగానే ఉందన్నాడు అధికారి. దవాఖానకు డ్రెస్సరు ఒక్కడే. ఉన్న ఒక్క జాగా ఆ పూట నిండిపోయింది.

దొరసాని మాట తప్పలేదు. ఆ సాయంత్రమే సంతకం చేయించింది. మరునాడు డ్రెస్సరు ఆ కాగితం రుమాలులో చుట్టుకుని దవాఖానకు వచ్చాడు. ఇంగ్లీషులో ఎంతో బాగా రాశారు. మందుల చీటీలు చదివి అబ్బిన ఇంగ్లీషుతో నేనే చదివి తెలుగులో చెప్పాను. శ్రద్ధ, నిజాయితీ, ఓర్పు అన్న మాటలున్నాయి. అన్నీ నిజాలే. విన్నాక అతను, అయితే నేనెప్పటి నుంచి డ్యూటీలోకి రావాలి సారూ అన్నాడు. కొత్త మనిషి అప్పుడు అక్కడే గిన్నెలు కడుగుతున్నాడు. నీళ్ళ చప్పుడు ఆపి తల వంచుకున్నాడు. డ్రెస్సరు అతని వైపు చూసి, నా వైపు చూసి, కాగితం మళ్ళీ రుమాలులో చుట్టుకున్నాడు. డాక్టరు లోపలి గదిలోంచి బయటికి రాలేదు. పైకి రాస్తానని తర్వాత నాతో అన్నాడు. రాశాడో లేదో నాకు తెలియదు, జవాబు మాత్రం రాలేదు.

దొర అయినా ఒక మాట చెబుతాడని కొన్నాళ్ళు చూశాము. ఆయనకు బదిలీ అయింది. దొరసాని డ్రెస్సరును తమతో రమ్మంది, తిండికీ బట్టకూ లోటుండదంది. ఆ ఊళ్ళో తన భార్యా పిల్లలు ఎక్కడుంటారని అడిగితే ఆమె ఆ సంగతి ఆలోచించలేదు. పోయే రోజున ఇంకొకటి అడిగింది. గొంగడి లేకపోతే కారులో కుక్క పడుకోదు, గొంగడి ఇవ్వగలవా అని. వానకూ చలికీ గొర్రెల కాపరికి ఉన్న ఇల్లు అదే. అతను విప్పి ఇచ్చాడు. ఇయ్యకుండ ఎట్లుంట సారూ, అది ఏడుస్తది కదా అని నాతో అన్నాడు. బదులుగా దొర వాడిన కోటు ఒకటి ఇచ్చారు. చేతులు పొడుగై అతనికి మోచేతి దాకా మడతలు పడేవి.

ఈ పనిలోకి వస్తున్న పిల్లలకు ఒక మాట చెప్పాలి. మంచి పని చేస్తే గుర్తిస్తారని మీకు చెబుతారు. అది అబద్ధం కాదు, గుర్తిస్తారు. ఏ పని కోసం గుర్తుపెట్టుకుంటారన్నది మాత్రం మీ చేతిలో ఉండదు. పొగరు కోడెలను చేత్తో నిలిపినవాడు, గొడవల్లో దవాఖాన తలుపు మూయనివాడు ఆ ఇంగ్లీషు కాగితంలో ఎక్కడా లేడు. అందులో ఉన్నది కుక్కను మోసినవాడు. మా డాక్టరుకు ఆ తర్వాత పై పదవి వచ్చింది. కుక్క ఆపరేషన్ అంత బాగా చేసినవాడు మా జిల్లాలో లేడని పేరు వచ్చింది. అదీ అబద్ధం కాదు.

కొన్ని నెలలకు అంగడి రోజుల్లో డ్రెస్సరు దవాఖాన గేటు పక్కన గోడ నీడన కూర్చోవడం మొదలుపెట్టాడు. పొట్టేళ్ళకు, కోడెలకు తనకు వచ్చిన పని చేసిపెట్టేవాడు. తవ్వెడో, మానెడో జొన్నలు ఇచ్చేవారు. గేటు దాటి లోపలికి పోవాల్సినవాళ్ళు సగానికి పైగా గోడ దగ్గరే ఆగిపోయేవారు. కొత్త మనిషి డాక్టరుతో మొరపెట్టుకున్నాడు. సర్కారు దవాఖాన ముందు ప్రైవేటు పని ఏమిటని, పైవాళ్ళు చూస్తే మాట వస్తుందని డాక్టరు అన్నాడు. అతన్ని అక్కడి నుంచి లేపమని నాతో అన్నాడు. తనే చెప్పొచ్చు కదా అన్నాను. నువ్వైతే మంచిగా చెబుతావన్నాడు.

నేను పోయేసరికి అతను ఒక పొట్టేలును పక్కకు పడేసి, మోకాలితో అదిమి పట్టి ఉన్నాడు. పొట్టేలు యజమాని తాడు కోసం బజారుకు పోయాడు. చెప్పాల్సింది చెప్పాను. ఎంత మంచిగా చెప్పినా ఆ మాటకు ఒకటే అర్థం.

అతను తలెత్తకుండా, "డాక్టరు సారు చెప్పమన్నడా, మీరే చెప్తున్నరా?" అని అడిగాడు.

"డాక్టరే చెప్పమన్నడు."

పొట్టేలు మీద మోకాలు సర్దుకున్నాడు.

"నేను గేటు లోపట్కి వస్తలేను, గోడ ఇవతల్నే ఉన్న. ఇది గూడ దవాఖాననే అంటే, మీరే జర లెక్కగట్టి చెప్పుండ్రి సారూ. ఎంత దూరం పోతే నేను దవాఖాన మనిషిని కాకుంట అయిత?"

అందులో ఎగతాళి ఉందేమోనని అతని ముఖంలో వెతికాను. లేదు. నిజంగానే అడుగుతున్నాడు. నాకు లెక్కలు వస్తాయని నమ్మేవాళ్ళలో అతనొకడు.

గోడ వెంట చూపు సాగించాను. గోడ అయిపోయాక ఖాళీ జాగా, అదీ సర్కారుదే. దాని తర్వాత బజారు మలుపు. అక్కడి నుంచి దవాఖాన కనపడదు. దవాఖాన వైపు వచ్చే పశువుల వాళ్ళకు అతనూ కనపడడు.

"మలుపు దాటి పో తమ్మీ" అన్నాను.

సరే అన్నట్టు తల ఊపాడు. సగంలో ఉన్న పని వదలకూడదు కాబట్టి పొట్టేలు వెనక కాళ్ళు పట్టుకోమన్నాడు. పట్టుకున్నాను. పని అయిపోయాక, లోపల తొట్టిలో నీళ్ళున్నాయి, చేతులు కడుక్కో అన్నాను. అవసరం లేదన్నాడు. మట్టితో రుద్దుకుని, తాడుతో వచ్చిన యజమానికి పొట్టేలును అప్పగించి, మలుపు వైపు నడిచాడు.